విమానాల నాడి చూసే గది

మా బావగారు విమానాల వైద్యుడు. ఈ మాట నా కల్పన కాదు. మా అక్క పెళ్లినాడు మా మేనత్త వేళాకోళానికి అన్నది. "పెళ్లికొడుకు వైద్యుడేనటే, కాకపోతే రోగి నోరు విప్పి చెప్పదు" అని పందిట్లో అందర్నీ నవ్వించింది. ఇరవై నాలుగేళ్లు గడిచాక చూస్తే, ఆయన చేసే పనికి అంతకంటె తగిన మాట తెలుగు ఎమ్మే చదివిన నాకు కూడా దొరకడం లేదు.

కిందటేడు దసరా సెలవులకు వాళ్లింటికి వెళ్లాను. వాళ్లుండేది బొంబాయి పక్కన ఠాణేలో. (ముంబయి అనాలని నాకూ తెలుసు. కాని మా అక్క అత్తగారు ఇప్పటికీ బొంబాయే అంటారు. ఆవిడ ఇంటి కథ చెబుతూ ఇంకో మాట వాడడానికి నాకు కలం సాగడం లేదు.) కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి చీకటితోనే కల్యాణ్‌లో దిగి, లోకల్ బండి పట్టుకుని, కజ్జికాయల డబ్బా చంకన పెట్టుకుని తలుపు తట్టాను. మేనకోడలు తలుపు తీసి, పెదవి మీద వేలు పెట్టుకున్నది.

"నెమ్మదిగా మామయ్యా. నాన్న పడుకున్నాడు. నిద్ర పోవడంలేదు గాని, పడుకున్నాడు."

సంగతేమిటో కాఫీల దగ్గర తెలిసింది. మూడు రోజుల కిందట ఆఫీసునుంచి ఈమెయిలు వచ్చింది. "వ్యాపార అవసరాల రీత్యా" మెయింటెనెన్స్ కంట్రోలు విభాగాన్ని బొంబాయినుంచి మరో నగరానికి తరలిస్తున్నారట. జనవరి 1 నాటికి అక్కడ హాజరు కావాలి. సామాను రవాణా ఖర్చు, పదిహేను రోజుల బస కంపెనీయే భరిస్తుంది. రావడం కుదరనివారికి లెక్కలు తేల్చి పంపుతారు. ఆ నగరం పేరు ఇక్కడ రాయను. ఊరి పేరు రాస్తే కంపెనీ పేరు రాసినట్లే అవుతుంది. ఉత్తరాన, దూరంగా ఉన్నదనుకుంటే చాలు.

ఇంట్లో పన్నెండో తరగతి చదివే ఆడపిల్ల, ఫిబ్రవరిలో దాని పరీక్షలు. దగ్గర్లోని బడిలో మా అక్క ఉద్యోగం. ఇంటి అప్పు ఇంకా తొమ్మిదేళ్లున్నది. పైన ఎనభై దాటిన పెద్దావిడ. ఆవిడే ముందుగా నోరు విప్పారు.

"ఏరా, ఆ విమానాలు ఎక్కడికైనా ఎగురుతాయి గదా. వాటిని చూసేవాడు ఒక్కచోట ఉండకూడదట్రా?"

ఆ ప్రశ్నకు బావగారు జవాబు చెప్పలేదు. కాని నాకు అదే పట్టుకున్నది. ఉన్న పదిరోజులూ ఆయన పనేమిటో, దాన్ని ఎందుకు కదిలిస్తున్నారో అడిగి తెలుసుకున్నాను. అందులో నాకు బోధపడినంత వరకు చెబుతాను.

విమానం మరమ్మతు అనగానే మనకు కళ్లముందు కనిపించేవి పెద్ద షెడ్డు, నిచ్చెనలు, గ్రీజు చేతులు. బావగారు మొదట పదమూడేళ్లు ఆ పనే చేశారు. ఎండలో వానలో కాంక్రీటు మీద నిలబడి నిలబడి మోకాళ్లు అరిగాయి. పదకొండేళ్లనాడు కంట్రోలు గదిలోకి మారారు. ఆ గదిలో విమానం ఉండదు. కిటికీలోంచి తొంగి చూసినా కనిపించదు. ఉండేవి టెలిఫోన్లు, కంప్యూటరు తెరలు, గోడకు రెండు గడియారాలు. ఒకటి మన టైము చూపుతుంది, రెండోది గ్రీనిచ్ టైము. రెంటికీ అయిదున్నర గంటల తేడా. రాత్రీ పగలూ, పండగా పబ్బమూ లేకుండా ఆ గదిలో ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు.

దేశంలో ఏ మూల, కంపెనీ విమానం దేనికి జలుబు చేసినా కబురు ఆ గదికే వస్తుంది. కొన్ని కబుర్లు విమానమే పంపుకుంటుంది. ఆకాశంలో ఉండగానే యంత్రాల స్థితిగతులను పొట్టి సందేశాలుగా నేలకు పంపే ఏర్పాటొకటి ఉన్నది. దాన్ని ఏకార్స్ అంటారు. 1978 నుంచీ వాడుకలో ఉన్నదట. తక్కిన కబుర్లు మనుషులవి. ఎక్కడో విమానాశ్రయంలో టార్చిలైటు పట్టుకుని రెక్కకింద నిలబడ్డ ఇంజనీరు ఫోను చేస్తాడు: "సార్, ఇది పనిచెయ్యడం లేదు. విమానం పంపవచ్చునా, ఆపమంటారా?"

అసలు విద్య ఇక్కడ ఉన్నది. విమానంలో ఏ చిన్న వస్తువు చెడినా ఎగరడం మానేస్తే ఏ విమానమూ ఏ రోజూ ఎగరదు. అలాగని అన్నిటికీ "ఫరవాలేదు" అనడానికీ వీల్లేదు. అందుకని ఏది పనిచేయకపోయినా క్షేమంగా ఎగరవచ్చునో, ఏ షరతులమీద ఎగరవచ్చునో, ఎన్నాళ్లలో బాగుచెయ్యాలో రాసిపెట్టిన గ్రంథమొకటి ఉన్నది. మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్టు అని దాని పేరు. విమానం తయారుచేసినవాళ్ల మూలగ్రంథాన్ని బట్టి కంపెనీ తన లిస్టు తయారుచేసుకుంటే, మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేటు దాన్ని ఆమోదిస్తుంది. అందులో లోపాలకు తరగతులున్నాయి. 'బి' తరగతి లోపాన్ని మూడు రోజుల్లో బాగుచెయ్యాలి. 'సి' అయితే పది రోజులు, 'డి' అయితే నూట ఇరవై రోజులు. 'ఎ' తరగతికి మాత్రం ఏ లోపానికి ఆ గడువే. లోపం కనిపెట్టిన రోజును లెక్కలోకి తీసుకోరు.

ఇది వింటున్న అత్తయ్యగారు, "మూడు రోజులూ, పది రోజులూనా! మైల లెక్కలాగే ఉన్నదే" అన్నారు. బావగారు ఆ వారంలో నవ్వింది ఆ ఒక్కసారే.

ఒక రాత్రి సంగతి చెప్పారు. ఒంటిగంటన్నరకు విశాఖపట్నంనుంచి ఫోను. పొద్దున ఆరింటికి బయల్దేరవలసిన ఎయిర్‌బస్ 320. లోపలి గాలిని చల్లబరచి, తగిన ఒత్తిడితో ఉంచే యంత్రాలు దానిలో రెండుంటాయి. వాటిలో ఒకటి చెడింది. అక్కడున్నది కొత్త కుర్రవాడు, ఒంటరిగా ఉన్నాడు. గొంతు వణుకుతున్నది. బావగారు హిందీలో, "ముందు కాసిని మంచినీళ్లు తాగు, నేను లైన్లోనే ఉంటాను" అన్నారు. తాగి వచ్చాక రెండు మాటల్లోనే ఆ కుర్రవాడిది అనకాపల్లి అని తేలింది. ఇక తెలుగులోనే నడిచింది వైద్యం. ఏ దీపం వెలిగింది, ఎప్పుడు వెలిగింది, చెడే ముందు చప్పుడేమైనా వచ్చిందా, చల్లారాక మళ్లీ పనిచేసిందా? చివరకు ఒక యంత్రంతోనే, ఎత్తు తగ్గించి ఎగరవచ్చునని లిస్టులో ఉన్న షరతు పట్టుకుని విమానం బయల్దేరింది. సంతకం చేసింది మాత్రం లైసెన్సున్న విశాఖ కుర్రవాడే. బొంబాయిలో కూచున్న మనిషి సంతకం చెయ్యడానికి వీల్లేదు.

అయితే ఎత్తు తగ్గితే విమానం ఇంధనం ఎక్కువ తాగుతుంది. ఆ లెక్క మళ్లీ వెయ్యాలి. లెక్క వేసేవాళ్లు ఉత్తరాది ఆఫీసులో ఉన్నారు. విమానం ఆలస్యమైతే పైలట్ల డ్యూటీ గంటలు చాలవు. అవి చూసేవాళ్లు ఇంకో అంతస్తులో, ఇంకో ఊళ్లో. బదులు యంత్రం ఏ గోడౌనులో ఉన్నదో చెప్పేవాళ్లు మరొకచోట. ఆ ఒక్క రాత్రి బావగారు పదకొండు ఫోన్లు చేశారట.

కంపెనీ వాదన సరిగ్గా ఇదే. అందర్నీ ఒకే పెద్ద హాలులో కూచోబెడితే పదకొండు ఫోన్లు అక్కర్లేదు. కుర్చీ తిప్పితే చాలు. వాతావరణం చూసేవాడు, దారి లెక్క వేసేవాడు, పైలట్లను సర్దేవాడు, జబ్బు చూసేవాడు ఒకరి మొహం ఒకరికి కనిపిస్తూ ఉంటారు. ప్రపంచంలో పెద్ద కంపెనీలన్నీ చేస్తున్న పని ఇదేనట. నేను మా అక్క పక్షం వాణ్ణయినా, ఇది తప్పుడు వాదన అని అనలేకపోయాను. బావగారు కూడా అనలేదు. "పనికి మంచిదేనోయ్. ఆ సంగతి నేనే రెండుసార్లు రాసి పంపాను, అందరూ ఒకచోట ఉండాలని. ఆ ఒకచోటు ఎక్కడో మాత్రం రాయలేదు" అన్నారు.

అమెరికాలో జరిగిన కథ ఒకటి ఆయనే చెప్పారు. 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ అనే రెండు కంపెనీలు కలిశాయి. రెంటి కంట్రోలు గదులనూ ఒకటి చెయ్యాలి గదా. ఆ గది మాకు కావాలంటే మాకు కావాలని పిట్స్‌బర్గ్, షార్లట్, ఫీనిక్స్ నగరాలు పోటీ పడ్డాయి. పిట్స్‌బర్గ్ గెలిచింది. 2008లో అక్కడి విమానాశ్రయం దగ్గర కొత్త భవనం లేచింది. వందలమందికి అక్కడ పని. 2013 డిసెంబరులో ఆ కంపెనీ కాస్తా అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసిపోయింది. అమెరికన్ వాళ్ల నివాసం టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్. సుడిగాలికి కూడా చెక్కుచెదరకుండా అక్కడ పెద్ద కేంద్రం కట్టించి, 2015లో పని అంతా అక్కడికి మార్చి, పిట్స్‌బర్గ్ గది మూసేశారు. ఏడేళ్లు! ఒక పిల్ల ఆరో తరగతిలో చేరి పన్నెండు పూర్తిచేసేంత కాలం. గెలిచిన ఊరివాళ్లు ఇళ్లు కొనుక్కుని, గోడలకు రెండోసారి సున్నాలన్నా వేయించుకుని ఉంటారో లేదో.

అంత దూరం ఎందుకు, హైదరాబాదుకు ఒకప్పుడు సొంత విమాన కంపెనీ ఉండేది. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్. యుద్ధంలో వాడి వదిలిన డకోటా విమానాలతో, బేగంపేట కేంద్రంగా నడిచింది. స్త్రీకి పైలట్ ఉద్యోగం ఇవ్వడానికి ఇతర కంపెనీలు వెనకాడుతున్న రోజుల్లో, 1947లో ప్రేమ్ మాథుర్‌ను తీసుకున్నది ఈ కంపెనీయే. 1953 ఆగస్టు 1న దేశంలోని ఎనిమిది సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు దీని పేరు చెరిగిపోయింది. అప్పటినుంచి పెద్ద తలకాయలన్నీ ఢిల్లీలోనే. తరవాత 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయం మొదలైనప్పుడు బేగంపేటనుంచి ప్రయాణికుల విమానాలూ ఒక్క రాత్రిలో తరలిపోయాయి. కాని అది బస్సెక్కితే చేరే దూరం. పిల్లల బళ్లు మారలేదు.

ఇప్పుడు శంషాబాదులో విమానాల పెద్ద మరమ్మతులు చేసే షెడ్లున్నాయి. నేను ఠాణేనుంచి వచ్చిన తరవాత, 2025 నవంబరులో, ఫ్రెంచివాళ్ల సఫ్రాన్ కంపెనీ ఇంజన్ల మరమ్మతు కేంద్రం కూడా ప్రారంభమైంది. పత్రికలో ఆ వార్త చూడగానే బావగారికి ఫోను చేశాను, ఇటే వచ్చెయ్యరాదా అని. "మోకాళ్లు నువ్వు తెస్తావా?" అన్నారు.

అప్పుడు నాకు తట్టింది. షెడ్డును కదిలించడం కష్టం. పునాదులు, క్రేన్లు, ఆకాశమంత తలుపులు. అది ఏ ఊళ్లో నాటుకున్నదో అక్కడే ఉంటుంది. ఫోను గది అలా కాదు. తీగ ఇటు పీకి అటు తగిలిస్తే చాలు. బావగారు నిచ్చెన దిగి కుర్చీ ఎక్కినప్పుడు మా ఇంటిల్లిపాదీ పదోన్నతి అని మిఠాయిలు పంచుకున్నాం. కాలికింద నేల అప్పుడే కాస్త వదులైందని ఎవరికీ తోచలేదు. చేరిననాటి ఉత్తర్వులోనే "దేశంలో ఎక్కడికైనా" అనే ముక్క ఉన్నదట. అందరి ఉత్తర్వుల్లోనూ ఉంటుంది, ఎవరూ చదవరు. ('మరమ్మతు', 'బదిలీ' రెండూ ఉర్దూ ద్వారా మనకు వచ్చిన మాటలే. రెంటికీ మన పండితులు అచ్చతెలుగు మాటలు పుట్టించకపోలేదు గాని, ఒక్కటీ నిలవలేదు. బతుకులో అంతగా కలిసిపోయాయన్నమాట.)

నాకు కంపెనీమీద కోపం వచ్చింది తరలిస్తున్నందుకు కాదు, మూడు నెలలే గడువిచ్చినందుకు. పరీక్షలు ఫిబ్రవరిలో ఉన్న పిల్లలు ఆ గదిలో ఎందరిళ్లలో ఉన్నారో కంపెనీ దగ్గర లెక్క ఉన్నది. ఫీజుల బిల్లులు చేరేది వాళ్లకే గదా. ఏప్రిల్ దాకా ఆగితే కొంప మునిగేది కాదు. రెండో సంగతి బావగారు చెప్పింది. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు పాత గదీ కొత్త గదీ కొన్నాళ్లు కలిసి నడవాలట, పాతవాళ్లు మాట్లాడుతుంటే కొత్తవాళ్లు పక్కనుంచి వినాలట. దానికి ఇచ్చింది రెండు వారాలు. బావగారి షిఫ్టులో ఆరుగురుంటే వెళ్తామన్నది ఇద్దరే. తక్కిన నలుగురి చెవుల్లో ఉన్నదంతా బొంబాయిలోనే మిగిలిపోతుంది.

చెవుల్లో అని ఎందుకన్నానంటే, నాలుగో రోజు రాత్రి ఆయన బీరువాలోంచి మూడు పొడుగాటి నోటు పుస్తకాలు తీసి నాముందు పెట్టారు. పదకొండేళ్ల రాతలు, అన్నీ తెలుగులో. ఫోనులో ఎవరే చప్పుడు చెబితే చివరకు ఏ లోపం తేలిందో రాసుకున్నవి. "చక్రం దగ్గర గరగర. బ్రేకు కాదు, ముందు బ్రేకు ఫ్యాను చూడమను." "ముందు తలుపు దగ్గర సన్నటి ఈల. రబ్బరు అంచు." "నేలకింద కుక్క మొరిగినట్లు. మామూలే. ప్రయాణికులకు చెప్పించు."

ఈ కుక్క సంగతి 320 ఎక్కిన చదువరులు కొందరు వినే ఉంటారు. ఇంజను వేసే సమయంలో కాళ్లకింద భౌభౌమని వినిపిస్తుంది. చక్రాలనూ రెక్కల చివరలనూ కదిలించే నూనె గొట్టాల వ్యవస్థలు రెండింట్లో ఒత్తిడి సమానంగా లేనప్పుడు, ఒకదాని బలం రెండోదానికి అందించే పరికరం ఒకటి ఉన్నది. దాని అరుపు అది. సామాను అరలో ఎవరి కుక్కో ఉండిపోయిందని జాలిపడేవాళ్లున్నారట.

"తెలుగులో ఎందుకు రాశారు?" అన్నాను.

"ఇంగ్లీషులో రాస్తే అన్నిటికీ 'నాయిస్' అని ఒక్కమాటే వచ్చేది. దాంతో నేనేం చేసుకోను?"

ఈ పుస్తకాలు చూసి ఎవరూ విమానాన్ని విడుదల చెయ్యరు. కంపెనీ గ్రంథం ఏం చెబితే అదే శిరోధార్యం. ముందు ఎక్కడ చూడాలో తోచడానికి మాత్రమే ఇవి. కాని అర్ధరాత్రి ముందు ఎక్కడ చూడాలో తోచడం చిన్న విషయం కాదు. కొత్త ఊళ్లో చేరబోయే పిల్లలకు వీటిని ఇద్దామని ఆయన ఆలోచన. వాళ్లకు తెలుగు రాదు. "నువ్వు ఎమ్మేవి గదా, కాస్త మార్చిపెట్టు" అన్నారు.

ఇరవై ఏళ్లనుంచి పాఠాలు చెబుతున్నాను గాని, ఇంత కఠినమైన పరీక్ష నాకెవరూ పెట్టలేదు. గరగర వేరు, గురగుర వేరు. కరకర, కిరకిర, గలగల, లొడలొడ. ఇంగ్లీషు నిఘంటువు ఒకవేపు, హిందీ నిఘంటువు ఒకవేపు పెట్టుకుని కూచున్నాను. మేనకోడలు లెక్కల పుస్తకం మూసి టైపు చెయ్యడానికి వచ్చింది. వాళ్లమ్మ రెండుసార్లు కేకలేసి, మూడోసారి తనే కుర్చీ లాక్కుని కూచున్నది. నాకూ బావగారికీ తగువు వచ్చినప్పుడల్లా అత్తయ్యగారే తీర్పరి. "తిరగలి కొత్తగా గంటు కొట్టించినప్పుడు గరగర, అరిగాక గురగుర" అని ఆవిడ నోటితో ఆ రెండు చప్పుళ్లూ చేసి చూపేవారు. బావగారు కళ్లు మూసుకుని విని, "అదే, అదే" అనేవారు. మిగిలిన సెలవులన్నీ అందుకే సరిపోయాయి. ఎవరు వెళ్లాలి, ఎవరుండాలి అనే మాట ఆ బల్ల దగ్గర మళ్లీ రాలేదు. నేను బండి ఎక్కబోయే రోజున మాత్రం అక్క నెమ్మదిగా చెప్పింది, ఆయనొక్కరే వెళ్తున్నారని.

డిసెంబరు 28న వెళ్లారు. ఒక గది, ఒక విద్యుత్ పొయ్యి, ఒక దుప్పటి కొనుక్కున్నారు. సంక్రాంతినాడు ఫోను చేశాను. హాలు బాగున్నదట. మొన్న మళ్లీ విశాఖనుంచి అలాంటి లోపమే వస్తే కుర్చీ తిప్పి అడిగారట, మూడు నిమిషాల్లో లెక్క తేలింది. "పని సుఖంగానే ఉన్నదోయ్" అన్నారు. పరీక్షలయ్యాక ఏంచేస్తారని అడిగితే, మీ అక్కనడుగు అన్నారు. అక్కనడిగితే, మీ బావనడుగు అన్నది.

నోటు పుస్తకాల్లో ఒక్కటి మాత్రం నేను మార్చలేకపోయాను. ఇంజను ఆగేముందు వచ్చే ఒక చప్పుడుకు ఆయన "బావురుమన్నట్లు" అని రాసుకున్నారు. నాలుగు మాటలు పెట్టి చూశాను, ఏదీ ఆనలేదు. చివరకు మేనకోడలు వాళ్ల నాయనమ్మచేత ఆ చప్పుడు చేయించి ఫోనులో రికార్డు చేసి పంపింది. కొత్తగా చేరిన పిల్లలకు బావగారు దాన్ని వినిపిస్తున్నారట. ఎవరి గొంతు అని వాళ్లు అడిగితే, బొంబాయి ఆఫీసుదని చెప్పారట.